దండులో ఒకడు ఎక్కువ

మా లోయలో పొద్దు వాలాక మిల్లు వంతెన దాటేవాళ్ళు లేరు. డిసెంబరు వచ్చిందంటే పట్టపగలు కూడా తోడు చూసుకునే దాటుతారు.

చూడ్డానికి అక్కడ ఏమీ ఉండదు. కింద రాళ్ళ మధ్య నల్లగా సుళ్ళు తిరిగే ఏరు. అవతలి ఒడ్డున కప్పు సగం కూలిన పాత పిండిమిల్లు. వంతెన నడిమధ్య, చెక్క కమ్మీకి బిగించిన చిన్న ఇనప శిలువ... దాని మీద పేరు లేదు. పేరు రాయించడానికి అప్పటి ఫాదర్ ఒప్పుకోలేదట. వేషంలో ఉండగా పోయినవాడు దేవుడి మనిషి కాడు, ఆ కొమ్ములవాడి మనిషి — అన్నాడట.

నికొలాస్ పండగ ముందు సాయంత్రం మా ఊరి మగవాళ్ళు క్రాంపస్ అనే దెయ్యం వేషాలు కడతారు. కొమ్ములున్న కొయ్యమొహాలు, ఒంటి నిండా మేకతోళ్ళు, నడుముకి ఆవు గంటలు, చేతుల్లో బరికెలు. ముందు బిషప్పు బట్టల్లో నికొలాస్, వెనక ఈ దండు. ఇంటింటికీ పోయి పిల్లల్ని హడలగొట్టి, పెద్దవాళ్ళ దగ్గర పళ్ళ సారా పుచ్చుకుని పోతారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఇంతే.

కానీ మా దండు ఆ వంతెన దాటి వస్తే... ఒకడు ఎక్కువుంటాడు.

వాడు గెంతడు. అరవడు. పిల్లల మీద బరికె ఎత్తడు. అందరి వెనకాల తల వంచుకుని నడుస్తాడు. ఆడవాళ్ళు కిటికీ సందుల్లోంచి లెక్క చూసుకుని గుండెల మీద శిలువ గీసుకునేవారు. తెల్లారి చూస్తే లెక్క మళ్ళీ సరిపోయేది.

వాడెవడో ఊరందరికీ తెలుసు. పైకి అనరు, అంతే. ఆఫ్రాకి మరీ బాగా తెలుసు.

వాడు ఆవిడ మొగుడు.

ఆఫ్రా నోట విన్న మనిషే నాకీ సంగతి చెప్పింది. నా సొంతం ఇందులో ఏమీ లేదు.

* * *

నేను చెప్పబోయే రాత్రికి పదేళ్ళ కిందటి మాట. యుద్ధం అయిపోయి ఇంకా ఎవరి కడుపూ సరిగ్గా నిండని రోజులు. ఆఫ్రా మొగుడు వెండెలిన్ కలప కోతమిల్లులో పని చేసేవాడు. మనిషి సరదా మనిషి, పనికి మాత్రం ఒళ్ళు వంగేది కాదు. ఆ ఏడు నికొలాస్ సాయంత్రం అతను వేషం కట్టుకుంటుంటే ఇంట్లో రభస అయింది. ఆవుకి గడ్డి వెయ్యలేదు, పొయ్యిలోకి కట్టెలు కొట్టలేదు, ఆ వారమంతా పట్నానికి తిరుగుళ్ళు.

"చిన్న పనికి చెయ్యి సాయం లేదు గానీ గెంతడానికి మాత్రం ముందుంటావు," అంది ఆఫ్రా. "పో. ఆ దెయ్యమేదో నిజంగానే నిన్నెత్తుకుపోతే నాకు పీడ విరగడవుతుంది."

గుమ్మంలో ఆవిడ అన్న కోర్బినియన్ నిలబడి ఉన్నాడు. సారాకొట్టు అతనిదే, దండుకి పెద్ద కూడా అతనే. "చెల్లీ," అన్నాడు మెల్లిగా, "ఇవాళ్టి రోజున అలాంటి మాట అనకూడదే."

ఆ సాయంత్రం దండు తిరిగొచ్చింది. వెండెలిన్ రాలేదు.

కోర్బినియన్ ఒక్కడే లోపలికొచ్చి కొయ్యమొహం ఒకటి బల్ల మీద పెట్టాడు. ఎడమ కొమ్ము చీలి ఉంది. వెండెలిన్‌దే.

"వంతెన ఎక్కేటప్పుడు మాలో ఒకడు ఎక్కువున్నాడు చెల్లీ," అన్నాడు. "దిగేటప్పుడు ఒకడు తక్కువ... మంచులో బావ అడుగులు నడిమధ్య దాకా ఉన్నాయి. అక్కణ్ణించి లేవు."

కొయ్యమొహాన్ని ఏట్లో పారెయ్యమన్నాడు ఫాదర్. కోర్బినియనే తీసుకెళ్ళి పారేసి వచ్చాడు.

మరుసటి ఏడు దండు ఇంటికొచ్చినప్పుడు, అందరి వెనకాల నిలబడి ఉందా మొహం. చీలిన కొమ్ముతో.

ఆఫ్రా అన్న మాట ఊళ్ళో అందరికీ పాకింది. ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అనకపోగా భయపడ్డారు. ఆవిడ ఎదురొస్తే పిల్లల్ని పక్కకి లాక్కునేవారు. ఆ నోట ఏం వస్తుందో... అని. పెళ్ళిళ్ళకి పిలుపు మానేశారు. మళ్ళీ పెళ్ళాడతానని ఏ మగాడూ గడప తొక్కలేదు. ఆవిడా ఆ ఊసు తలవలేదు. మొగుణ్ణి నోటితో నరకానికి తోసిన మనిషికి ఇంకో మొగుడా? మాట్లాడటమే తగ్గించేసింది. ఆవు, పొలం, కట్టెలు, కాళ్ళు పడిపోయిన అత్తగారు. పదేళ్ళు అలా గడిచాయి.

అత్తగారు క్రెషెంట్స్ మాత్రం కోడల్ని ఒక్క మాట అనలేదు. "నీ తప్పేం లేదులే తల్లీ," అనేది, కాళ్ళు ఒత్తించుకుంటూ. ఆఫ్రాకి ఆ మాటే ఉప్పూ అన్నమూ.

* * *

ఆ ఏడు దండు చీకటి పడుతుండగా వచ్చింది. గంటల మోతకి కొట్టంలో ఆవు బెదిరి అరిచింది. బిషప్పు వేషంలో ఉన్న పోస్టుమాన్ ఆంబ్రోస్ నాలుగు ముక్కలు ప్రార్థన చదివాడు. ఆఫ్రా వరసగా అందరికీ సారా పోసింది.

చీలిన కొమ్మువాడు ఎప్పట్లాగే పొయ్యి పక్కన, ముసలావిడ కుర్చీ దగ్గర నిలబడ్డాడు. ముసలావిడ ఎండు బేరిపళ్ళ రొట్టె ముక్క ఒకటి ఆ తోలు చేతిలో పెట్టింది. ఆవిడ చెయ్యి కాస్తైనా వణకలేదు. కన్నకడుపు, దయ్యమైనా బిడ్డే కదా — అనుకునేది ఆఫ్రా ప్రతి ఏడూ.

అందరూ బయటికి కదులుతుండగా ఆఫ్రా అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇదీ ప్రతి ఏడూ చేసేదే.

"ఆ మాట నేను కావాలని అనలేదు," అంది గుసగుసగా. "నన్ను క్షమించు."

ఎప్పుడూ అతను కదలకుండా నిలబడి వెళ్ళిపోయేవాడు. ఈసారి... తోలు కప్పిన చెయ్యి ఒకటి వచ్చి ఆవిడ తల మీద ఆనింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత గంటలు చిన్నగా మోగుతూ తలుపు దాటిపోయాయి.

ఆఫ్రా తన తల తడుముకుంది.

క్షమించాడు. లేదు — అడుగుతున్నాడు. విడిపించమని అడుగుతున్నాడు.

చిన్నప్పుడు విన్న మాట ఆవిడకి గుర్తుంది. అలా పోయినవాణ్ణి విడిపించే దారి ఒకటే. ఎవరి నోటి మాట వల్ల పోయాడో వాళ్ళే, పోయిన చోటికే వెళ్ళి, బాప్తిస్మం పేరుతో ముమ్మారు పిలిచి, తమ చేత్తో ఆ మొహం లాగెయ్యాలి. లాగితే వాడికి విడుదల. కానీ... వాడి బదులు పిలిచినవాళ్ళే పోవలసి రావచ్చు.

ఆఫ్రా శాలువా కప్పుకుంది. చర్చిలో దీవెన పట్టిన కొవ్వొత్తి ముక్క ఒకటి జేబులో వేసుకుంది.

"ఎక్కడికే?" అంది ముసలావిడ.

"ఆవు బెదిరింది. చూసొస్తాను."

"చలి కోసేస్తోంది. ఇప్పుడెందుకూ... నా దగ్గర కూచో."

ఆఫ్రా వంగి ఆవిడ నుదుటి మీద ముద్దు పెట్టుకుని బయటికి నడిచింది. తిరిగొస్తానని అనుకోలేదు.

* * *

దండు సారాకొట్టు వైపు తిరిగింది. ఆ మోత సందు మలుపులో దూరమైపోయింది. కానీ మంచు మీద ఒక్క మనిషి అడుగులు మాత్రం విడిగా, ఏటి వైపు పోతున్నాయి...

ఆఫ్రా ఆ అడుగుల్లో అడుగు వేసుకుంటూ నడిచింది.

చెట్ల మధ్యకి వచ్చేసరికి ఊరి దీపాలు కనబడటం మానేశాయి. ఏటి హోరు ఒక్కటే. కొవ్వొత్తి వెలిగించింది, గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు. మంచు వెలుగు చాలు.

వంతెన మీద ఎవరో ఉన్నారు.

ఆవిడకి వీపు పెట్టి, కమ్మీ పట్టుకుని, కిందికి నీళ్ళలోకి చూస్తూ... రెండు కొమ్ములు. ఒకటి చీలి ఉంది.

వెనక్కి తిరిగి పరిగెడితే ఎవరూ తప్పు పట్టరు. ఆవు చూసుకునేది తను, ముసలావిణ్ణి చూసుకునేది తను. తను పోతే వాళ్ళ గతేమిటి... కాళ్ళు మాత్రం ముందుకే వెళ్ళాయి. వంతెన చెక్కలు కిర్రుమన్నాయి.

"వెండెలిన్ యోహానెస్," అంది.

కొమ్ములు కదల్లేదు. బిగుసుకుపోయాయి.

"వెండెలిన్ యోహానెస్..."

గంటలు గల్లుమన్నాయి. ఆకారం గిర్రున ఇటు తిరిగింది. కళ్ళుండాల్సిన చోట రెండు నల్లటి కన్నాలు. అది ఒక్కడుగు వెనక్కి వేసింది... దెయ్యం వెనకడుగు వేస్తుందా? ఆ ఆలోచన ఆవిడకి అప్పుడు రాలేదు. దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ ఆ కొయ్యమొహం మీద వేసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వెండెలిన్ యోహానెస్," అని మూడోసారి పిలిచి, లాగేసింది.

ఏమీ పడలేదు మీద. ఎవరూ ఎత్తుకుపోలేదు.

మొహానికి వెచ్చటి ఊపిరి తగిలింది. సారా వాసన... షేవింగ్ సబ్బు వాసన.

కళ్ళు తెరిచింది. ఎదురుగా బాగా ఒళ్ళు చేసిన మనిషి, బుగ్గలు ఎర్రగా, పై పెదవి మీద కత్తిరించిన మీసం.

"ఆఫ్రా?" అన్నాడు. "ఇంత చలిలో ఎందుకొచ్చావు?"

ఆవిడ చేతిలో కొయ్యమొహం ఉంది. అది చెక్కే. ఒట్టి చెక్క.

"నువ్వు చచ్చిపోలేదు," అంది.

"...లేదు."

"నిన్నెవరూ ఎత్తుకుపోలేదు."

వెండెలిన్ అటూ ఇటూ చూశాడు. "రైలెక్కాను," అన్నాడు. "లింజ్ పట్నం. అక్కడ కలప డిపోలో పని... నీకు చెబుదామనే అనుకున్నాను. అక్కడి అమ్మాయి గెర్లిండే, అప్పటికే కడుపుతో ఉంది. ఏం చెయ్యను చెప్పు. అమ్మని చూడకుండా ఉండలేను, మొహం కప్పుకుని తిరగ్గలిగేది ఏడాదికి ఈ ఒక్కరోజే. నీకు ఏ కీడూ చెయ్యాలని కాదు."

ఆఫ్రా విన్నదో లేదో. "నేను అన్న మాట—" అంది.

"ఏ మాట?"

"ఆ రోజు. నువ్వు వేషం కట్టుకుంటుంటే. నేనన్న మాట."

అతను నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నుదురు ముడిచాడు. "ఏమన్నావు?" అన్నాడు చివరికి.

పదేళ్ళు ప్రతి ఆదివారం చర్చిలో వెనక బల్ల మీద కూచుని ఆవిడ తలుచుకున్న మాట అది.

"మరి నీ ముందు మోకాళ్ళ మీద పడినప్పుడల్లా ఎందుకనుకున్నావు?"

"ఏదో గొణిగేదానివి. ఈ మొహంలో చెవులు సరిగ్గా వినబడవు," అన్నాడు. "ఇవాళ మాత్రం జాలేసింది."

కింద ఏరు హోరుమంటోంది. ఆవిడ ఏడవలేదు. ఏడుపు ఎక్కడో మంచులో గడ్డకట్టినట్టుంది.

"ఎవరెవరికి తెలుసు?"

"మీ అన్నయ్యకి. ఒక్కడికే. ఒట్టు."

ఆ ఒట్టు ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు.

"తోలు విప్పు," అంది.

"ఏంటి?"

"రైలుకి వేళవుతోంది కదా. విప్పి ఇచ్చి పో."

మిల్లులో దాచుకున్న కోటు తొడుక్కుని అతను వెళ్ళిపోయాడు.

* * *

ఆఫ్రా పొడగరి. పదేళ్ళుగా కట్టెలు కొట్టిన భుజాలు. మేకతోలు ఆవిడకి సరిగ్గానే సరిపోయింది. గంటలు నడుముకి బిగించుకుంది, కొయ్యమొహం తగిలించుకుని వెనకాల తాళ్ళు ముడేసింది. లోపల అతని చెమట వాసన.

సారాకొట్టు వెనక గదిలో మగవాళ్ళు మొహాలు తీసేసి సాసేజీలు తింటున్నారు. తలుపు తియ్యగానే అందరూ ఇటు తిరిగారు. ఎవరూ బెదరలేదు. ఒక్కరూ శిలువ గీసుకోలేదు.

"అదుగో, వెండెలిన్ ఇంకా పోలేదురోయ్," అన్నాడొకడు నోటి నిండా తిండితో.

"రైలు తప్పిందా? ఆ మొహం తీసి కూర్చో. ఇక్కడ పరాయివాళ్ళెవరున్నారు."

ఆంబ్రోస్ బిషప్పు గడ్డం మెడలో వేలాడుతోంది. "ఇవాళ తల మీద చెయ్యి పెట్టావు చూడు," అన్నాడు నవ్వుతూ. "పదేళ్ళుగా బిషప్పు వేషం వేస్తున్నాను, అంత బాగా దీవించడం నాక్కూడా రాదు."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. ఆఫ్రా ఒక్కొక్క మొహమే చూసింది. చిన్న కన్నాల్లోంచి, ఒక్కొక్కటిగా. ఆవిడ దగ్గర దూడల్ని కొన్నవాళ్ళు, ఆవిడతో కలిసి గడ్డి కోసినవాళ్ళు.

కోర్బినియన్ లేచి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు.

"బావా, నీకు బుద్ధుందా?" అన్నాడు గొంతు తగ్గించి. "దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? అసలే మొండి ఘటం. అనుమానం వచ్చిందంటే వదలదు... మొగుడు వదిలేసిన ఆడదంటే ఊరంతా నవ్వేది. ఇప్పుడు కనీసం ఎవరూ నవ్వరు. దాని పరువు కాపాడింది నేను. ఆ వేళకి అది ఆ శాపనార్థం పెట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏం కథ అల్లేవాణ్ణి?"

అని ఒక గ్లాసు నింపి చేతిలో పెట్టాడు. ఆఫ్రా దాన్ని పక్కనే ఉన్న కిటికీ గట్టు మీద పెట్టి బయటికి నడిచింది.

"ఏంట్రా, మాటా పలుకూ లేకుండా పోతున్నాడు?" అన్నారెవరో వెనకాల.

ఆవిడ పరిగెత్తింది. గంటలు గల్లు గల్లుమంటుంటే, మంచులో తూలుతూ పరిగెత్తింది. ఇంట్లో ఇంకొక మనిషి ఉంది, తనలాగే మోసపోయిన మనిషి. నీ కొడుకు నరకంలో లేడత్తయ్యా, బతికే ఉన్నాడు, ఒక బిడ్డ కూడా ఉంది — అని చెప్పి ఆ ఒళ్ళో తల పెట్టుకుని ఏడవాలి. ఈ లోకంలో ఆ ఒక్క ఒళ్ళే మిగిలింది. తాళ్ళు విప్పుకుందామంటే వేళ్ళు కొంకర్లు పోయి ముడి రాలేదు. అలాగే తలుపు తోసింది.

ముసలావిడ పొయ్యి పక్కన కునుకు తీస్తోంది. గంటల చప్పుడుకి కళ్ళు తెరిచింది. మొహమంతా వెలిగింది.

"మళ్ళీ వచ్చావేంటి నాన్నా?" అంది.

ఆఫ్రా కుర్చీ పక్కకి వచ్చి ఆగిపోయింది.

"వెళ్ళు, వెళ్ళు. అది ఆవు దగ్గరికి పోయింది, వచ్చేస్తుంది." ముసలావిడ చెయ్యి చాచి తోలు చివర పట్టుకుంది, పోనివ్వడం ఇష్టం లేనట్టు. "మేజోళ్ళు జాగ్రత్తగా పెట్టుకున్నావా? చిన్నదానికి నువ్వు చెప్పిన కొలతకే అల్లాను."

చర్చి అనాథ పిల్లలకని చెప్పి అల్లింది ఆవిడ వాటిని. ఆ ఉన్ని వడికింది ఆఫ్రా.

"పాపం, ఇవాళ కూడా నీ కాళ్ళ దగ్గర పడింది," అంది ముసలావిడ. "ఒక్కోసారి చెప్పేద్దామనిపిస్తుందిరా. కానీ తెలిస్తే అది ఇక్కడెందుకుంటుంది? నన్ను వదిలేసి పోదూ? అక్కడున్న నీ పెళ్ళాం ఎలాగూ నన్ను రానివ్వదు. నా కాళ్ళు చూడు... ఎవరు ఎత్తుతారు నన్ను?"

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

ఆఫ్రా తోలు చేతితొడుగుల్ని ఊడదీసి కింద పడేసింది. వెనక్కి చేతులు పెట్టి ముడితో పెనుగులాడింది. గోరు విరిగింది. తాడు వదులైంది. కొయ్యమొహం తీసి బల్ల మీద పెట్టింది.

ముసలావిడ చెయ్యి ఇంకా తోలు పట్టుకునే ఉంది.

ఆఫ్రా ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీసింది, నెప్పి పుట్టకుండా. జావ వేడి చేసి తాగించింది. రోజూలాగే ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి సర్దింది. నీళ్ళ చెంబు చేతికందేలా పెట్టింది.

తర్వాత కొట్టంలో పడుకోవడానికి తన పరుపు చుట్ట పెట్టుకుని తలుపు దాకా వెళ్ళింది.

"ఆఫ్రా... తల్లీ..." అంది ముసలావిడ చీకట్లోంచి.

"పొద్దున్నే లింజ్‌కి కబురు పంపిస్తాను అత్తయ్యా. మీ అబ్బాయి వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాడు," అంది ఆఫ్రా. తలుపు తీసింది.

"పగటిపూట రమ్మంటాను. తన మొహంతో."